తేలిక వంట – ఎవరికి తేలిక?

(పిఠాపురంలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సమావేశానికి పిలవడానికి మా ఇంటికి వచ్చిన అమ్మాయి రెండు పనులు చెప్పింది. ఒకటి, కువైట్‌లో పదకొండేళ్లు వంటపని చేసిన అనుభవం గురించి అరగంట మాట్లాడాలి. రెండోది, ‘అక్కా, మీరు అక్కడి రుచులూ ఇక్కడి రుచులూ కలిపి తేలిగ్గా వండేస్తారట కదా, ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా మీ చేతి మీదుగానే కానిద్దాం’ అంది. మొదటి పనికి దారి ఖర్చులు ఇస్తామన్నారు. రెండో పనికి ఏమిస్తారో చెప్పలేదు. నేను అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయింది. ఆ సంగతి చివర చెబుతాను.

మహిళా సభలో వంటల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వంటింట్లోంచి బయటికి రావడానికే కదా ఇన్నేళ్లూ పోట్లాడాం అనుకోవచ్చు. నిజమే. కానీ మనం బయటికి వచ్చినంత మాత్రాన వంటింటి తలుపు మూసుకోలేదు. మనం ఇక్కడ కూర్చున్న ఈ గంటలో కూడా మన ఇళ్లలో ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు. అత్తగారో, పెద్దకూతురో, పనికొచ్చే మనిషో. అంచేత వంట గురించి మాట్లాడటం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. మాట్లాడకుండా దాటేస్తేనే మనకి నష్టం.

మా పుట్టిల్లు ఉప్పాడ దగ్గర, సముద్రం ఒడ్డున. నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఈ పిఠాపురం వీధుల్లోనే తిరిగి అమ్మేది. అమ్ముడుపోగా మిగిలింది మాకు కూర. ‘ఏ కాలంలో దొరికింది ఆ కాలంలో తినండి’ అని ఇప్పుడు పత్రికల్లో డాక్టర్లు రాస్తున్నారు. మా అమ్మకి ఆ సలహా ఎవరూ ఇవ్వలేదు. ఆవిడకి వేరే దారి లేదు. చింతచెట్టు చిగురేస్తే చింతచిగురులో ఎండురొయ్యలు. కాయ దిగితే మామిడికాయ పప్పు. వానలు పడితే గోంగూర, తోటకూర. చలికాలం వస్తే చిక్కుడుకాయ, లేత వంకాయ, కాల్చిన తేగలు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, 61 రోజులు, మర పడవల వేట నిషేధం ఉంటోంది. ఆ రెండు నెలలూ మా వాడల్లో ఈనాటికీ ఎండుచేపే దిక్కు.

మన గోదావరి జిల్లాల్లో ఒక సామెత ఉంది. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలంటారు. వరద నీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే చేప అది. రుచి గురించి నాకు తగువు లేదు. కానీ ఈ సామెత చెప్పిందెవరు? పుస్తెలు ఎవరి మెడలోవి? పులస నడుము ముక్క ఎవరి కంచంలో పడింది? ఏ చేప వండినా మా ఇంట్లో నడుము ముక్కలు నాన్నకి, అన్నయ్యకి. తలా, తోకా, అడుగున మిగిలిన పులుసూ అమ్మకి. ‘నాకు తలకాయంటేనే ఇష్టం’ అనేది అమ్మ. నిజమే అనుకున్నాను. నాకు పెళ్లయ్యాక నేనూ అదే మాట అనడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది.

సరే, ‘మన వంట’ అంటాం. అందులో మనది ఎంత? మిరపకాయ మనది కాదు. 1492లో కొలంబస్ అమెరికా చేరాక, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ఓడల మీద ఈ దేశం వచ్చింది. అంతకుముందు మన కారం మిరియాలదే. మిరప అనే పేరులోనే మిరియం ఉంది. అంటే ఎర్రటి ఆవకాయ వయసు అయిదు వందల ఏళ్లు దాటదు. టమాటా, బంగాళాదుంప, జామ, బొప్పాయి, వేరుశనగ, అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. ఇంగువ ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ల సరుకు. ఇక్కడికి దగ్గరలో సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల పండే కర్రపెండలం దక్షిణ అమెరికా దుంప. దాని పిండితోనే మన సగ్గుబియ్యం. జీడిపప్పు బ్రెజిల్ చెట్టుది. ఇప్పుడు మన ఇళ్లలో మరుగుతున్న పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. దాని మీద పరిశోధనకి అప్పటి పశ్చిమ గోదావరి పెదవేగిలో 1995లో ఒక కేంద్రమే పెట్టారు.

అందుకని ‘విదేశీ వంట’ అంటే ముఖం చిట్లించే పెద్దలకి నేను చెప్పేది ఒకటే. మన ఆచారం అనుకున్నవాటిలో సగం ఓడ దిగి వచ్చినవే. కొత్త సరుకు రాగానే దాన్ని రుచి చూసి, కొలత కనిపెట్టి, మన నోటికి సరిపడేలా మార్చింది ఎవరు? ఏ రాజుగారి పేరూ, ఏ పండితుడి పేరూ అక్కడ లేదు. పేరు లేని ఆడవాళ్లే ఆ పని చేశారు. మిరపకాయని మొదటిసారి నూరి ఆవపిండిలో కలిపిన మనిషి పేరు ఎవరికీ తెలియదు.

ఆ సరుకు వెనక ఉన్న చేతుల్ని కూడా చూడాలి. కోనసీమలో మోరి జీడిపప్పుకి పేరు. జీడి గింజ పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలిపోతుంది. ఆ గింజ కొట్టి, పప్పు ఒలిచే పనిలో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లే. మన చెరువుల్లో పెంచిన రొయ్య అమెరికా బల్లల మీదికి పోతుంది. దాని తల తీసి, తొక్క ఒలిచే షెడ్లలో చలిలో గంటలకొద్దీ నిలబడేదీ ఆడవాళ్లే. ప్రపంచం మన వంటింట్లోకి వచ్చింది. మనమూ ప్రపంచం వంటింట్లోకి వెళ్లాం. కాకపోతే కూలికి వెళ్లాం.

ఈ వెళ్లడం కొత్త కాదు. మన కోరంగి రేవు నుంచి, కాకినాడ నుంచి బర్మాకి కూలికి వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఆ వరసలోనే నేనూ వెళ్లాను. వాళ్లు ఓడ ఎక్కారు, నేను విమానం ఎక్కాను. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ హాల్లోనే నాకు తెలిసిన మొహాలు నాలుగైదు కనిపిస్తున్నాయి.

నేను 2006లో వెళ్లాను. అప్పటికి నాకు 32 ఏళ్లు. మా ఆయన వలల మీద, పడవ మీద చేసిన అప్పు ఉంది. మా అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి నాలుగు. ఏజెంటు ‘చిన్న కుటుంబం, వంట ఒక్కటే పని’ అన్నాడు. వెళ్లి చూస్తే మూడంతస్తుల ఇల్లు, పద్నాలుగు మంది మనుషులు. వంట, అంట్లు, బట్టలు, పిల్లలు, అన్నీ నావే. దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నారు. వంటింటి పక్కన సామాన్ల గదిలో పడక. మొదటి మూడు నెలల జీతం ఏజెంటుకి కట్టిన డబ్బు కింద పట్టుకున్నామన్నారు. రంజాన్ నెలలో రాత్రి రెండు గంటలదాకా పొయ్యి ఆరేది కాదు.

అక్కడ నన్ను బాధపెట్టింది పని ఒక్కటే కాదు. ఆ ఇంటి చిన్నపిల్లకి మూడేళ్లు. నేను అన్నం కలిపి ముద్దలు పెడితేనే తినేది. అదే సమయానికి వారానికొకసారి ఇంటికి ఫోన్ చేసి ‘అమ్మా, పాప అన్నం తిందా?’ అని మా అమ్మని అడిగేదాన్ని. నా పిల్లకి మా అమ్మ ముద్దలు పెడుతోంది. వాళ్ల పిల్లకి నేను పెడుతున్నాను. మా అమ్మ చేసే పనికి ఎవరూ జీతం ఇవ్వడం లేదు. నాకిచ్చే జీతంలో సగం ముందే పట్టుకున్నారు. 2011లో మా అమ్మ పోయింది. కబురు వచ్చేసరికి నేను పద్నాలుగు మందికి అన్నం వారుస్తున్నాను. ఆ రోజు కూడా వడ్డించాకే ఏడ్చాను. ఇంటికి పంపలేదు.

మంచి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, చేత్తో చూపిస్తూ నాకు వంట నేర్పింది. మచ్బూస్ అంటే మాంసం ఉడికిన నీళ్లలోనే బియ్యం ఉడికించడం అని, దాని పక్కన టమాటా, వెల్లుల్లితో దక్కూస్ అనే పచ్చడి ఉండాలని చెప్పింది. ఒకరోజు మన చింతపండు తీసి నానబెడుతుంటే ‘తమర్ హింది’ అంది. హిందూ దేశపు ఖర్జూరం అని అర్థమట. రంజాన్‌లో దానితో పానకం చేసుకుంటారు. నేను చింతపండుతో చేపల పులుసు పెట్టాను. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. వంటతోనే మాట్లాడుకున్నాం. కానీ అంత ప్రేమగా ఉన్న ఆవిడ కూడా నాకు శుక్రవారం సెలవు ఇమ్మని ఒక్కసారి అనలేదు. అక్కచెల్లెళ్లారా, ప్రేమ వేరు, హక్కు వేరు. ప్రేమ ఉన్నచోట హక్కు దానంతట అది రాదు.

2015లో కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం వచ్చింది. 68వ నంబరు చట్టం. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు. పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. ఈ సంగతులు నాకు ఏ ఆఫీసూ చెప్పలేదు. చెత్త పారేయడానికి కిందికి దిగినప్పుడు, పక్కింట్లో పనిచేసే రావులపాలెం వైపు అమ్మాయి చెప్పింది. చెత్తడబ్బా దగ్గర నేను నా మొదటి చట్టం నేర్చుకున్నాను.

నేను వెళ్లి శుక్రవారం సెలవు కావాలని అడిగాను. మేడం వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత రెండు వారాలకి ఒక పూట ఇచ్చింది. జీతం 60 చేసింది. చట్టంలో రాసింది మొత్తం రాలేదు. సగం వచ్చింది. కానీ అడిగాక వచ్చింది, అడగకముందు రాలేదు. 2017లో వచ్చేసేటప్పుడు లెక్క ప్రకారం ఇవ్వాల్సిన డబ్బు కూడా పూర్తిగా ఇవ్వలేదు. ఒక సంచీ నిండా ఎండు నిమ్మకాయలూ, రెండు డబ్బాల నువ్వుల ముద్దా తెచ్చుకున్నాను.

ఇంటికి చేరగానే మా ఆయన, పిల్లలు ‘ఇంక నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో’ అన్నారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి ‘టీ అయ్యిందా?’ అన్నారు.

నాకు కోపం రాలేదండి, నవ్వొచ్చింది. కువైట్‌లో నేను పనిమనిషిని. ఇక్కడ అమ్మని. పని అదే. గంటలు అవే. అక్కడ తక్కువైనా జీతం ఉంది, చట్టం ఉంది, ఫిర్యాదు చేయడానికి ఒక కిటికీ ఉంది. ఇక్కడ అదీ లేదు. దేశంలో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో కేంద్ర గణాంకాల వాళ్లు 2019లో లెక్కతీశారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లలో నలుగురిలో ఒకరే ఆ పని చేస్తున్నారు. చేసేవాళ్లు కూడా 97 నిమిషాలే పెడుతున్నారు. 2024లో మళ్లీ లెక్కతీస్తే ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. మనకి పది నిమిషాలు తగ్గాయి. వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి!

నేను కూడా గోడ మీద క్యాలెండరు పక్కన ఒక కాగితం అతికించి, నెల రోజులు నా గంటలు రాశాను. ఎవరినీ తిట్టలేదు. నెలాఖరుకి ఆ కాగితం తీసి భోజనాల దగ్గర చదివాను. మా అబ్బాయి తల దించుకున్నాడు. మా ఆయన ‘ఎవరింట్లో లేదు?’ అన్నాడు. ‘అందుకే చదివాను’ అన్నాను. ఆ తరవాత మూడు మాటలు అనుకున్నాం. ఒకటి, వండింది అందరూ ఒకేసారి కూర్చుని తినాలి. వంట చేసిన మనిషి ఆఖర్న తినడం ఉండదు. రెండు, తరగడం, అంట్లు మా ఆయనవి, అబ్బాయివి. మూడు, మామూలు రోజుల్లో ఒక గిన్నెలో అయ్యే వంటే చేస్తాను.

నా తేలిక వంటలు అక్కడ మొదలయ్యాయి. మీరు వినాలని పిలిచిన భాగం ఇదే కాబట్టి చెబుతాను.

ఎండాకాలం రోహిణి కార్తె ఎండల్లో నిమ్మకాయలు ఎండబెడతాను. ఉప్పు వేసిన నీళ్లలో అయిదు నిమిషాలు ఉడకనిచ్చి, తీసి, ఎండలో పడేస్తే రెండు మూడు వారాలకి నల్లబడి, గలగలలాడతాయి. వీటినే అరబ్బులు లూమీ అంటారు. ఒకటి చిల్లు పొడిచి పప్పుచారులో వేస్తే చింతపండు అక్కర్లేదు. ఏడాదంతా నిలవుంటాయి. నిమ్మకాయ చవగ్గా దొరికినప్పుడు చేసుకుంటే కార్తీకమాసంలో కొనక్కర్లేదు.

వేట మళ్లీ మొదలయ్యాక, వానల్లో, రొయ్యల అన్నం. కువైట్‌లో దాన్ని మురబ్యాన్ అంటారు. రొయ్యలు పసుపు, ఉప్పు వేసి నూనెలో రెండు నిమిషాలు వేయించి తీసి పక్కన పెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడిపోతాయి. ఆ నూనెలోనే ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, వెల్లుల్లి, టమాటా, జీలకర్ర, మిరియాల పొడి, గుప్పెడు కొత్తిమీర, కాస్త మెంతికూర, రెండు ఎండు నిమ్మకాయలు వేయాలి. నానిన బియ్యం, కొలత నీళ్లు పోసి మూత పెట్టాలి. నీళ్లు ఇంకాక రొయ్యలు పైన పరిచి, సన్న మంట మీద పది నిమిషాలు. ఒక్క గిన్నె. అంట్లు కూడా ఒక్క గిన్నెవే. రొయ్యలు కొనలేని రోజు మా అమ్మలాగే ఎండురొయ్యలు గుప్పెడు వేస్తాను. అలా అయితే ఉప్పు తగ్గించాలి.

చలికాలం లేత వంకాయ వస్తుంది. అక్కడ వంకాయ కాల్చి, తొక్క తీసి, నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం కలుపుతారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి అది చెల్లెలే. నువ్వులు మన దగ్గర లేనివా? దోరగా వేయించి, మెత్తగా రుబ్బుకుంటే డబ్బా కొనక్కర్లేదు. మన ఇంట్లో వాళ్ల నోటికి రెండు పచ్చిమిరపకాయలు చేరుస్తాను. రాత్రిపూట ఎర్రపప్పు చారు. ఎర్రపప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి, జీలకర్ర, ఒక ముక్క క్యారెట్ కలిపి మెత్తగా ఉడికించి, దించాక నిమ్మకాయ పిండడమే. కందిపప్పు కంటే తొందరగా ఉడుకుతుంది, గ్యాసు కలిసొస్తుంది. పళ్లు లేని ముసలివాళ్లకి, జ్వరం వచ్చినవాళ్లకి, చంటిపిల్లలకి కూడా సరిపోతుంది.

చూశారా, ఇందులో గొప్ప ఏమీ లేదు. కాలానికి దొరికినది, తక్కువ గిన్నెలు, తక్కువ గంటలు. అయితే మీకొక హెచ్చరిక. తేలిక వంట అనే మాటని మన మీదే తిప్పేవాళ్లున్నారు. ‘అంత తేలికైతే ఇంకో రెండు రకాలు చెయ్యి’ అంటారు. మిక్సీ వచ్చింది, కుక్కరు వచ్చింది. గ్యాసు కూడా వచ్చింది, 1999లో దీపం పథకంతో, 2016లో ఉజ్జ్వలతో. పొగ తగ్గింది, కళ్లు బాగుపడ్డాయి, మంచిదే. కానీ మిగిలిన గంట మనకి మిగిలిందా? టిఫినుకి ఇంకో పచ్చడి చేరింది. పని తేలికవ్వడం వేరు, పని పంచుకోవడం వేరు. రెండోది లేకపోతే మొదటిది మన చేతికి దక్కదు.

ఇక పొగడ్త గురించి. మన గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారి పేరు తెలియని వాళ్లుండరు. 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు వచ్చినా కులం అడగకుండా అన్నం పెట్టారని చెప్పుకుంటాం. 1903లో ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా ఆవిడకి సత్కారం కూడా జరిగింది. 2024లో మన రాష్ట్రం బడి భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఆవిడంటే నాకూ గౌరవమే. కానీ అదే పథకంలో ఇవాళ బడుల్లో వండుతున్న మన అక్కచెల్లెళ్ల సంగతేమిటి? కేంద్రం 2009లో వాళ్లకి నెలకి 1,000 రూపాయలని నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలే. ఆ అంకె ఏళ్ల తరబడి కదలలేదు. మన రాష్ట్రం 2019లో దాన్ని 3,000 చేసింది. పేరు ‘గౌరవ వేతనం’. గౌరవం అనే మాట ముందు పెడితే వేతనం తగ్గించవచ్చని ఎవరు కనిపెట్టారో! అన్నపూర్ణ అని దండం పెట్టే చెయ్యి జీతం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ముడుచుకుంటుంది? దానం చేసిన సీతమ్మగారిని గౌరవిద్దాం. కానీ ప్రతి వంటమనిషినీ దానం చెయ్యమని అడగొద్దు.

2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం రేషను కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్లు నిండిన పెద్ద స్త్రీనే రాయాలంది. చాలా మంచి మాట. కార్డు మీద పెద్ద మనమే. కంచం దగ్గర మాత్రం ఆఖరు మనమే. ఈ రెండోదాన్ని మార్చడానికి ఏ చట్టమూ రాదు. అది మన ఇళ్లలో మనమే చెయ్యాలి.

మీరంతా ఊళ్లలో పనిచేసేవాళ్లు కాబట్టి చెయ్యగలిగినవి కొన్ని చెబుతాను. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకి బయల్దేరకముందే నాలుగు మాటలు చెప్పండి. పదో తరగతి పాసవని ఆడవాళ్లు ఇంటిపనికి అక్కడికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి వాళ్లని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉంది. మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ కంపెనీ ఉంది. విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటు మంచివాడు కాడు, ఎంత చుట్టమైనా సరే. ఒప్పందం కాగితం చదివించుకుని, ఒక నకలు ఇంట్లో ఉంచి వెళ్లాలి. ఆ దేశంలో మన రాయబార కార్యాలయం ఫోను నంబరు నోటికి రావాలి, ఎందుకంటే మొదటి రోజే సెల్‌ఫోను లాక్కునే ఇళ్లున్నాయి.

గల్ఫ్ సంగతి సరే, మన పక్కింట్లో అంట్లు తోమే మనిషి మాటేమిటి? 2007లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల కిందికి తెచ్చింది. ఆ సంగతి పని చేసేవాళ్లకీ తెలియదు, చేయించుకునేవాళ్లకీ తెలియదు. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల హక్కుల మీద 189వ ఒడంబడిక చేసింది. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది కానీ దాన్ని ఆమోదించి అమలుకి ఒప్పుకోలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్లకి చట్టం తెచ్చే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. కోర్టు చెప్పింది కదా అని మనం కూర్చుంటే కాగితం కాగితంగానే ఉంటుంది. చెత్తడబ్బా దగ్గర నాకు చట్టం చెప్పిన రావులపాలెం అమ్మాయిలా మనం ఒకరికొకరం చెప్పుకోవాలి. మన ఇంట్లో పనిచేసే మనిషికి వారానికి ఒక రోజు సెలవు మనం ఇస్తున్నామా అన్నది కూడా మనల్ని మనం అడుక్కోవాలి. కువైట్ మేడంని తిట్టడం తేలిక.

ఇప్పుడు మొదట ఆపిన సంగతికి వస్తాను. వంటకి ఏమిస్తారని నేను అడిగినప్పుడు ఆ అమ్మాయి ‘అక్కా, ఇది మన సంఘం కదా’ అంది. ఆ మాటలో ప్రేమ ఉంది. నాకు ఆ పెద్దావిడ గుర్తొచ్చింది. నేను ఇలా చెప్పాను: ‘అమ్మా, షామియానా వేసినతనికి ఇస్తున్నారు. మైకు పెట్టినతనికి ఇస్తున్నారు. వాళ్లని మన సంఘమే కదా అని అడగలేదు. నాకోసం కాదు, వంటకి నాతో పాటు ఇద్దరు ఆడవాళ్లు వస్తారు. ముగ్గురికీ కూలి కట్టు.’ ఆ అమ్మాయి వెళ్లి వాళ్ల కమిటీలో మాట్లాడింది. రెండు రోజుల తరవాత వచ్చి ముగ్గురికీ కూలి ఇస్తామంది. నేను ఇంకొకటి కూడా అడిగాను. ఇన్నేళ్లుగా నేను చూసిన ప్రతి మహిళా సభలోనూ వంట చేసే ఆడవాళ్లు షెడ్డు వెనక పొయ్యి దగ్గరే ఉంటారు. సభలో వాళ్ల హక్కుల గురించే మాట్లాడుతుంటాం. వాళ్లకి మాత్రం వినపడదు.

అందుకని ఇవాళ వంట పొద్దున ఎనిమిదిన్నరకే అయిపోయేలా చేసుకున్నాం. రొయ్యల అన్నం, మాంసం ముట్టని వాళ్లకి ఎర్రపప్పు చారుతో అన్నం, కాల్చిన వంకాయ పచ్చడి. నాతో వండిన ఆ ఇద్దరూ మూడో వరసలో కూర్చుని ఉన్నారు, చూడండి. మధ్యాహ్నం చర్చలో వాళ్లు కూడా మాట్లాడతారు. గిన్నెలు అక్కడ బల్ల మీద ఉన్నాయి. ఎవరికి వారు వడ్డించుకోండి. ఎవరి కంచం వాళ్లు కడుక్కోండి. మీతో వచ్చిన మగవాళ్లకి కూడా ఈ మాట చెప్పండి.

సెలవు.